నలభై నిమిషాల బొమ్మ

మార్చి 3

స్క్రూకి,

మేము బాగున్నాం అని రాయబోయి ఆగాను. నేను బాగున్నాను.

మీ అక్క కంప్యూటరు మిషను పాడయింది. స్విచ్చి వేస్తే లేస్తుంది. ఉత్తరాలు టైపు చేసుకోవచ్చు. బొమ్మ గీయమని లెక్కకి పెడితే మాత్రం ముప్పయ్యో నిమిషానికి దానంతట అదే ఆరిపోతుంది. మళ్ళీ మొదటినుంచి పెట్టాలి. ఇక్కడి మెకానిక్ మూత తీసి చూశాడు. బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బాయి, అతకడం దండగ అన్నాడు.

మూడు బొమ్మలు మిగిలాయి. తను చివరగా ఒప్పుకున్న పని ఒక లైబ్రరీలో చదువుకునే గది. గది ఇంకా కట్టలేదు. సాయంత్రం నాలుగింటికి లోపలికి ఎండ ఎక్కడిదాకా వస్తుందో నెలకొకటి చొప్పున పన్నెండు బొమ్మల్లో చూపించాలి. సెప్టెంబరు బొమ్మ దాకా పూర్తిచేసి ఆసుపత్రికి వెళ్ళింది. మిగిలిన మూడింటికి కూడా బల్లలు, కుర్చీలు, కిటికీలు అన్నీ అమర్చే పెట్టింది. సూర్యుడి కోణాలు ఎప్పటిలాగే నేను లెక్కకట్టి ఇచ్చాను. మీట నొక్కటమే మిగిలింది.

ఏప్రిల్ ఇరవైకల్లా ఆర్కిటెక్టుకి అందాలి. లేకపోతే పడమటి కిటికీ తీసేసి గోడ కట్టాలని కమిటీలో కొందరు అంటున్నారట. ఆ కిటికీ మీ అక్క పోట్లాడి పెట్టించింది.

కొత్త మిషను కావాలి. నువ్వు బిగించినదే కావాలి. చప్పుడు ఎక్కువ ఉండకూడదు. ఒక్కో బొమ్మకి నలభై నిమిషాలు.

ఫోను చేయకు.

బావ


మార్చి 7

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. షాపు షట్టరు సగం దించి మిగతాది చదివాను. ఫోను చెయ్యొద్దన్నారు, చెయ్యను. చేసినా మీరు ‘ఊఁ’, ‘సరే’, ‘ఉంటాను’ తప్ప నాలుగో మాట అనరు. ఉత్తరమే నయం, పేజీ నిండుతోంది.

ఇక అసలు సంగతి. మీకు రెండు దారులున్నాయి. మీరు జీవితమంతా ఫిజిక్సు చెప్పినవాళ్ళు, మీకు నేను చెప్పేదేంటి గానీ, నా ధోరణిలో చెప్తాను. ఇది దర్జీ కొట్టు అనుకోండి. మొదటిది ఆటల ప్రాసెసర్. అందులో పదహారు మంది దర్జీలు. ఒక్కొక్కడి చెయ్యి మెరుపు. ఒక్క చొక్కా అర్జంటుగా కావాలంటే వాళ్ళని మించినవాళ్ళు లేరు. కంప్యూటర్లో ఆటలాడేవాళ్ళకి కావలసింది అదే. రెండోది సర్వర్ జాతి ప్రాసెసర్. పెద్ద పెద్ద ఆఫీసుల్లో వాడేది. ఇందులో అరవైనాలుగు మంది దర్జీలు. ఒక్కొక్కడు కొంచెం నిదానం. కానీ అందరూ కలిసి కూర్చున్నారంటే తాను మొత్తం కుట్టి అవతల పడేస్తారు. ఏళ్ళ తరబడి ఆపకపోయినా విసుగు లేదు. దాని మెమరీ కూడా వేరే రకం. ఎక్కడైనా ఒక అంకె తప్పు పడితే అదే కనిపెట్టి అదే దిద్దుకుంటుంది. ఖరీదు మూడింతలు, డబ్బా పెద్దది, కరెంటు బాగా తాగుతుంది.

నన్నడిగితే ఆటలదే చాలు. మూడు చొక్కాలకి అరవైనాలుగు మంది దర్జీలెందుకు బావగారూ?

ఒక్క మాట చెప్పండి. ఆ మూడు బొమ్మలూ అయ్యాక దాని మీద ఏం చేస్తారు? అది తెలిస్తే సరిగ్గా చెప్పగలను.

మా ఆవిడ అడిగానని రాయమంది. భోజనం వేళకి చేస్తున్నారా అని కూడా అడగమంది. అడిగాను.

మీ స్క్రూ
(ఇంకా లూజు కాలేదు)


మార్చి 11

స్క్రూకి,

వేళకే చేస్తున్నాను. చెప్పు.

సర్వర్ జాతిదే పంపు. ఆటలది వద్దు. పాతికేళ్ళు మీ అక్క పని చేసిన బల్ల మీద ఉత్తుత్తి తుపాకులు పేల్చుకునే మిషను పెట్టను. తప్పు పడితే తానే దిద్దుకునే మెమరీ అన్నావు. అది బాగుంది.

తరవాత ఏం చేస్తానన్నది ఇప్పుడు అనవసరం.

కాగితాల కోసం సొరుగు తీస్తే నా పాత వాచీ కనిపించింది. నీకు పదకొండేళ్ళు అప్పుడు. మా పెళ్ళిరోజున చెయ్యి కడుక్కోవడానికి తీసి పక్కన పెడితే మేడ మీదికి పట్టుకుపోయి విప్పావు. కింద అందరూ నీకోసం కేకలు. మీ అక్క అప్పటిదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మొట్టమొదట అన్నది, “వాణ్ణేమీ అనకండి, కలిపేస్తాడు” అని. కలిపావు. ఒక స్క్రూ మిగిలింది. ఆ రోజునుంచి నీకు ఆ పేరు. వాచీ రోజుకి నాలుగు నిమిషాలు వెనక నడిచేది. కీ ఇచ్చి చూశాను. ఇప్పుడూ అంతే.

షరతు మరిచిపోకు. బొమ్మకి నలభై నిమిషాలు.

బావ


మార్చి 15

బావగారికి,

ఈసారి నమస్కారం చివర్లో పెడతాను. ముందు దెబ్బలాట.

నేను పాతికేళ్ళుగా బిగిస్తున్నవి ఉత్తుత్తి తుపాకుల మిషన్లే అనుకోండి. దానికి నేనేం అనుకోను. నా షాపుకి వచ్చేవాళ్ళలో సగం మంది ఆటలవాళ్ళే, వాళ్ళ దయవల్లే పొయ్యి వెలుగుతోంది. కానీ ఒక సంగతి మీకు తెలియాలి. అక్క తొమ్మిదేళ్ళు పని చేసిన ఆ పాత మిషను, మీరు అంత గౌరవంగా చూసుకుంటున్నదే, అది కూడా ఆటలదే. అప్పట్లో ఆటల ప్రాసెసర్లలో అది దొరలాంటిది. డబ్బా లోపల ఎర్రవీ నీలంవీ లైట్లుండేవి. అక్క చూసి, “ఇది చూస్తే మీ బావ తిరనాళ్ళా అంటారు, పీకెయ్యి” అంది. నేనే వైరు పీకాను. ముందున్న స్టిక్కరు కూడా గోరుతో గీకింది. నమ్మకపోతే ఎడంపక్క వేలు పెట్టి చూడండి, జిగురు ఇంకా ఉంటుంది.

కాబట్టి ఆటలది మీ బల్లకి కొత్త కాదు.

రెండో సంగతి, ఇది అడగాలంటే నోరు రావటం లేదు. అరవైనాలుగు కోర్ల, అదే దర్జీల, మిషను ఒక్క మనిషికి ఎవరూ పెట్టుకోరు. నలుగురు కూర్చుని పని చేసుకునే ఆఫీసుకి పెడతారు. తరవాత ఏం చేస్తారని అడిగితే అనవసరం అన్నారు. ఆ ఆర్కిటెక్టుకి అక్క గది ఇచ్చేస్తున్నారా? అక్క కుర్చీలో ఎవర్ని కూర్చోబెడుతున్నారు? మీ ఇల్లు, మీ ఇష్టం. కానీ ఇచ్చేముందు నాకో మాట చెప్తే, ఆ కుర్చీ నేను తెచ్చుకుంటాను.

నమస్కారం.

స్క్రూ


మార్చి 19

స్క్రూకి,

గది ఎవరికీ ఇవ్వటం లేదు. కుర్చీలో ఎవరూ కూర్చోవటం లేదు. నేను కూడా స్టూలు మీదే కూర్చుంటున్నాను.

జిగురు ఉంది.

లైట్ల సంగతి నాకు తెలియదు. తను ఉన్నప్పుడు తెలిస్తే బహుశా తిరనాళ్ళే అనేవాణ్ణి. దర్జీల మీద నాకు చిన్నచూపు లేదు. రాసిన తీరు బాగాలేదు.

మీ అక్క ఫైళ్ళన్నీ ఒక డిస్కులోకి ఎక్కించి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. రెండు ప్రాసెసర్ల మీదా ఒక బొమ్మ పెట్టి చూడు. జనవరి బొమ్మ పెట్టు, అది ఎలాగూ అయిపోయింది. అక్టోబరు, నవంబరు, డిసెంబరు ముట్టుకోకు. అవి ఇక్కడే, ఈ గదిలో కావాలి. ఏది నలభై నిమిషాలు తీసుకుంటే అది పంపు.

బావ


మార్చి 29

బావగారికి పాదాభివందనాలు. (దెబ్బలాట అయిపోయింది.)

స్టూలు వద్దు. నడుం పట్టేస్తుంది. ఆ కుర్చీ పాతికేళ్ళు ఒక మనిషిని మోసింది, మిమ్మల్ని మోస్తే అరిగిపోదు.

ఇక ఇది వినండి. షాపులో రెండు మిషన్లు పక్కపక్కనే బిగించాను. రెండింట్లోనూ జనవరి బొమ్మ పెట్టాను. బొమ్మ గళ్ళు గళ్ళుగా పడుతుంటే మా ఆవిడ, పక్క కొట్టు జెరాక్సాయన, సైకిలు ఆపుకుని వచ్చిన పోస్టుమాన్, అందరూ గుడ్లప్పగించి చూశారు. ఆ గది చూసి పోస్టుమాన్, “ఇది ఎక్కడుందండీ, పోయి కూర్చుంటాను” అన్నాడు. ఇంకా కట్టలేదంటే నమ్మలేదు.

ఆటలది తొమ్మిది నిమిషాలు. సర్వర్ జాతిది మూడు నిమిషాలు. మళ్ళీ చదవండి. మూడు.

మీరు నలభై అడిగారు, నేను మూడు ఇచ్చాను. మీరు చెప్పిందే నిజం బావగారూ, అరవైనాలుగు మంది దర్జీల ముందు నా పదహారు మందీ తేలిపోయారు. మీ మూడు బొమ్మలూ కలిపి పది నిమిషాల్లో అయిపోతాయి. ఏప్రిల్ ఇరవై అక్కర్లేదు, మిషను చేరిన పూటే ఆర్కిటెక్టుకి పంపేసి కాళ్ళు బారజాపుకోవచ్చు.

లారీకి వేశాను. చప్పుడు లేకుండా పెద్ద ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగేట్టు పెట్టాను. లోపల లైట్లు లేవు. అంతా బిగించాక ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు, రాసిపెట్టుకోండి.

మీ స్క్రూ


ఏప్రిల్ 5

స్క్రూకి,

మిషను చేరింది. చక్కగా బిగించావు. చప్పుడు లేదు.

వెనక్కి పంపుతున్నాను.

జనవరి బొమ్మ పెట్టి, గది తలుపు వేసి, వంటింట్లోకి వెళ్ళాను. టీ నీళ్ళు కాగేలోపు అయిపోయింది. వెళ్ళి చూస్తే బొమ్మ పూర్తయి ఉంది.

నలభై అని రాశాను. నలభై లోపు అని రాయలేదు. మూడుసార్లు రాశాను. నీ తప్పు కాదు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

పాత మిషనుకి సరిపోయే బోర్డు ఎక్కడైనా సెకండ్ హ్యాండులో దొరుకుతుందేమో చూడు. దొరక్కపోతే ముప్పై నిమిషాలకి ఆగిపోయేదే నయం.

పెట్టె కట్టి వరండాలో పెట్టాను. లారీ పన్నెండో తేదీన వస్తుంది.

బావ


ఏప్రిల్ 8

బావగారికి,

ముందు ఒక ఉత్తరం రాశాను. మా ఆవిడ చదివి, “ఇది పంపితే మీ బావగారు జవాబు రాయరు, రాసినా ‘సరే’ అని రాస్తారు” అంది. చింపేశాను. అందులో ఏముందో చెప్పను. కొరియరువాణ్ణి నిలబెట్టి ఇది రాస్తున్నాను, పన్నెండులోపు చేరాలని.

కోపం తగ్గాక ఆలోచన వచ్చింది. మూడు నిమిషాల్లో అయ్యేదాన్ని వద్దని నలభై నిమిషాలు కావాలనే మనిషి నా సర్వీసులో మీరు రెండోవారు. మొదటి మనిషి ఎవరో చెప్తాను.

అక్కకి నేను నాలుగు మిషన్లు బిగించాను. మీరు పంపిన డిస్కులో నాలుగింటి కాలం నాటి ఫైళ్ళూ ఉన్నాయి. నిన్న షాపు తెరవకుండా వరసగా తీసి చూశాను. ప్రతి బొమ్మకీ వెలుతురు అంకె అని ఒకటుంటుంది. కిటికీలోంచి వచ్చిన ఎండ గోడలకి, బల్లలకి తగిలి గదంతా ఎలా పరుచుకుంటుందో ఎన్నిసార్లు లెక్కకట్టాలన్నది ఆ అంకె. అంకె ఎక్కువైతే నీడలో గరుకు తగ్గుతుంది, బొమ్మకి టైము పెరుగుతుంది. అక్క మొదటి మిషను మీద ఆ అంకె అరవై. రెండోదాని మీద నూట యాభై. మూడోదాని మీద నాలుగు వందలు. ఈ పాతదాని మీద పన్నెండు వందలు. మిషను మారినప్పుడల్లా వేగం ఎన్నింతలు పెరిగితే, అంకె కూడా ఇంచుమించు అన్నింతలు పెంచింది. పాతికేళ్ళలో నేను ఎంత మంచి మిషను ఇచ్చినా అక్క బొమ్మ నలభై నిమిషాలే.

మీరు ఇన్నాళ్ళూ మిషను నిదానం అనుకున్నారు కదూ?

ఇది చూశాక నాకు గుర్తొచ్చింది. తొమ్మిదేళ్ళ కిందట ఆ పాతది తెచ్చి బిగించిన రోజు, మీరు కాలేజీలో ఉన్నారు. బొమ్మ పదమూడు నిమిషాల్లో వచ్చింది. చూశావా నా పనితనం అని కాలరు ఎగరేశాను. అక్క అంకె మార్చి మళ్ళీ పెట్టింది. నలభై. “ఏంటక్కా, కారు కొనిచ్చి ముందు ఎడ్లని కట్టినట్టు” అన్నాను.

అక్క ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“నీకు తెలీదురా. బొమ్మ పెట్టి తలుపేస్తే మీ బావ టీ పట్టుకుని వెనక మెట్ల మీదికి వస్తారు. మొదటి ముప్పై నిమిషాలు టీ తాగుతారు, ఆకాశం చూస్తారు, చెప్పులో ఇసుక దులుపుకుంటారు. మాటుండదు. ముప్పై దాటాక మాట్లాడతారు. ఎంత బాగా మాట్లాడతారో నీకు తెలీదు, ఎవరికీ తెలీదు. ఆ చివరి పది నిమిషాలు నాకు కావాలి. నువ్వొచ్చి పదమూడు నిమిషాలు చేసిపోతే నేనెవరితో కాపురం చెయ్యను?”

నేను వేళాకోళం అనుకున్నాను బావగారూ. నవ్వి, స్క్రూడ్రైవర్లు సర్దుకుని బస్సెక్కాను. మళ్ళీ గుర్తు రాలేదు. మొన్న మూడు నిమిషాలని గొప్పగా రాసినప్పుడు కూడా రాలేదు.

పాత బోర్డు వెతకను. దొరికినా చెప్పను. ఏది ఉంచుకుంటారో మీరే తేల్చుకోండి. ఆటలది కావాలంటే పంపుతాను, దానిమీద అంకె అయిదువేల మూడువందలు పెడితే నలభై వస్తుంది. మీ దగ్గరున్నదాని మీద పదహారువేలు పెట్టాలి. నలభై రెండింటి మీదా నలభయ్యే. వెలుతురు లెక్కలో మాత్రం తేడా. అక్క అయితే ఏది ఉంచుకునేదో నాకు తెలుసు, మీకూ తెలుసు.

స్క్రూ


ఏప్రిల్ 14

స్క్రూకి,

కొరియరు పదకొండున వచ్చింది. పెట్టె తాళ్ళు విప్పాను. లారీవాడు వస్తే టీ ఇచ్చి పంపాను.

నాకు తెలియదు. మిషను నిదానం అనుకున్నాను. పాపం, ఇంత పని తెలిసిన మనిషి ఇంత నిదానపు మిషనుతో వేగుతోందని అనుకునేవాణ్ణి. ఒకసారి అన్నాను కూడా, మీ తమ్ముడికి చెప్పి మంచిది తెప్పించుకో అని. “ఇదే మంచిది” అంది. ఆ మాట మీద నేను ఇంకేమీ అడగలేదు.

పన్నెండున అక్టోబరు పెట్టాను. అంకె పదహారువేలు. తలుపు వేశాను. సగం పడ్డ బొమ్మ చూడకూడదని మీ అక్క అనేది, చూడలేదు. టీ పెట్టుకుని వెనక మెట్ల మీద కూర్చున్నాను. నువ్వు విప్పిన వాచీ పెట్టుకున్నాను. రోజుకి నాలుగు నిమిషాలు పోయే వాచీ నలభై నిమిషాల్లో పెద్దగా తప్పదు.

పాత మిషను ముప్పయ్యో నిమిషానికి ఆగిపోయేదని రాశాను కదా. ఫిబ్రవరి అంతా రోజూ పెట్టేవాణ్ణి. రోజూ అక్కడే ఆగేది. ఒక పాడయిన మిషను మీద నాకు అంత కోపం ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

మొన్న ముప్పై దాటింది. ముప్పై మూడో నిమిషంలో మాట్లాడాను. పైకే. ఏం మాట్లాడానో నీకు రాయను. నలభై ఒకటికి లేచి లోపలికి వెళ్ళాను. ఎండ మూడో బల్ల దాకా వచ్చి ఉంది. నా లెక్క ప్రకారం అక్కడికే రావాలి. నీడలో గరుకు పాతదానికన్నా మూడున్నర రెట్లు తక్కువ. అది వర్గమూలం, నీకు వద్దులే. చూడటానికి మాత్రం, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళిన గదిలా ఉంది. పోస్టుమాన్‌కి చెప్పు.

నిన్న నవంబరు కూడా అయింది. రెండూ ఆర్కిటెక్టుకి పంపాను. చూసి, “ఇక కిటికీ మీద ఎవరూ మాట్లాడరండీ” అన్నాడు.

సర్వర్ జాతిదే ఉంచుకుంటున్నాను. మూడు అయ్యాక ఏం చేస్తావని అడిగావు. జనవరినుంచి సెప్టెంబరు దాకా తొమ్మిది బొమ్మలున్నాయి. పాత అంకెతో చేసినవి. కొత్త అంకెతో మళ్ళీ పెడతాను. ఎవరూ అడగలేదు. అయినా పెడతాను. ఆ తరవాత నాలుగు మిషన్ల నాటి ఫైళ్ళున్నాయి. అరవై అంకె నాటివి కూడా.

ఆటల మిషన్ల మీద నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. తప్పులు దిద్దుకునే పని మెమరీ ఒక్కదానికే వదిలేయకూడదు.

స్టూలు మీద కూర్చోవటం లేదు.

డిసెంబరు ఆపాను. ఇరవైకి అందాలి కాబట్టి పద్దెనిమిది దాకా ఆగగలను. నువ్వు రా. వెనక మెట్ల మీద ఇద్దరికి చోటుంది. టీ నేను పెడతాను.

మొదటి ముప్పై నిమిషాలు ఓపిక పట్టాలి.

బావ